చెంగమ్మను అడిగానని చెప్పండి

"పెంచలా, చేతులు కడుక్కోని రా. జపాను జాబొచ్చింది."

నాయన ఈ కేక వేసినప్పుడల్లా నా చేతులకు బూడిదో పేడో అంటుకునే ఉండేది. ఆ రోజు బూడిద. దొడ్లో బావి దగ్గర కూర్చొని ఎంగిలి గిన్నెలు తోముతున్నాను. రెండుసార్లు కడుక్కొని, ఓణీ చెంగుకు తుడుచుకొని, ఒకసారి వాసన చూసుకొని అరుగు మీదికి పోయాను. అన్న జాబుకు మరక అంటకూడదని నాయన కట్టడి. నీలం కాగితం మడతల్ని ఆయనే బ్లేడుతో కోస్తాడు. నేను కోస్తే ఒక వరస తెగిపోతుందని భయం. కోసి, విప్పి, నా చేతికిచ్చి, స్తంభం పక్కన నిలబడమంటాడు. నిలబడే చదవాలి. అరుగు మీద కూర్చున్న వాళ్ళంతా మగవాళ్ళు.

నాకు పదిహేనేళ్ళు. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు గొంతు పూడుకుపోతుంది. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నాయన, "జాబులు చదివే చదువు వచ్చింది గదా, ఇంకెందుకు?" అన్నాడు. బడిలో మిగిలిపోయిన నోటుపుస్తకంలో రోజూ నాలుగు వరసలు రాసుకుంటాను. ఇదీ అందులోదే.

మా అన్న పేరు చెంచురామయ్య. బాపట్లలో వ్యవసాయం చదివాడు. తర్వాత ప్రభుత్వం వారు వరి సాగు నేర్చుకు రమ్మని పద్దెనిమిది నెలలకు జపాను పంపారు. చిట్టమూరు చుట్టుపక్కల అంత దూరం పోయిన మనిషి లేడు. అందుకే జాబు వచ్చిన రోజు మా అరుగు నిండేది. పక్కింటి హజరత్తయ్య మామ అందరికంటే ముందు వచ్చి కూర్చొని, "మన మొలగొలుకుల బియ్యం వండి ఒక్క ముద్ద పెడితే ఆ జపానోళ్ళే ఈడకొచ్చి చదువుకుంటారు. మనోడు ఆడికి పోవడమేందబ్బా!" అని నవ్వించేవాడు.

వదిన అరుగు మీదికి రాకూడదు. తలుపు వెనక చాట పట్టుకొని కూర్చునేది. బియ్యంలో రాళ్ళు ఏరడం, చెరగడం, ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. ఉత్తి చేతుల్తో కూర్చొని మొగుడి జాబు వింటే సిగ్గులేనిదని అమ్మ అంటుంది. నేను చదవడం మొదలుపెట్టగానే లోపల చాట చప్పుడు ఆగిపోయేది. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేది. నాకు తప్ప ఆ చప్పుడు ఎవరికీ వినిపించేది కాదు.

వదిన పేరు చెంగమ్మ. పద్నాలుగో ఏట మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు పంతొమ్మిది. ఈ ఐదేళ్ళలో అన్న సెలవులకు వచ్చిన రోజులన్నీ కలిపితే ఐదు నెలలు ఉండవు. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది, అందరికంటే ఆఖరున తినేది ఆమె. నాకు తల దువ్వేదీ, బయట కూర్చున్నప్పుడు అన్నం తెచ్చి పెట్టేదీ ఆమే. అమ్మ ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "ఏమ్మే" అంటుంది. నాయన అదీ అనడు. గొంతు సవరించుకుంటాడు, ఆమె నీళ్ళు తెస్తుంది.

మొదటి జాబు పోయిన సంవత్సరం వేసవిలో వచ్చింది. అంతా ఓడ ప్రయాణమే. సింగపూరులో దిగి కోతులున్న తోట చూశాడట. హాంకాంగులో కొండ మీదికి తాడుతో లాగే రైలు ఎక్కాడట. యొకొహామా రేవులో దిగేటప్పటికి వాన పడుతూ ఉందట, ఒక్కరూ పరిగెత్తలేదట, అందరూ గొడుగులు తెరిచారట. చదువుతుంటే నా గొంతులో వణుకు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆ గొడుగుల కింద నేనూ ఉన్నట్టే అనిపించింది. ఆఖరులో అందరినీ పేరు పేరునా అడిగాడు. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది, పెంచల అల్లరి మానిందా, హజరత్తయ్య మామకు నమస్కారం, ఎర్రావు ఈనిందా అని. ఆ తర్వాత, "ఇట్లు మీ కుమారుడు".

లోపల చాట చప్పుడు లేదు. అది ఇంకా ఎదురుచూస్తూ ఉంది. ఎర్రావు దాకా వచ్చిన మనిషి ఆమె దాకా వస్తాడని ఎదురుచూస్తూ ఉంది. నాకేమయిందో, కాగితం మీదినుంచి కళ్ళు తీయకుండానే, "చెంగమ్మను అడిగానని చెప్పండి. ఇట్లు మీ కుమారుడు, చెంచురామయ్య" అని చదివేశాను.

లోపల చాట కదిలింది. ఎంత నెమ్మదిగా కదిలిందంటే, గింజలు ఒకదానికొకటి తగలకుండా చెరుగుతున్నట్టు.

నాయనకు చదవడం వచ్చు. కళ్ళజోడు పెట్టుకొని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఒక జాబును రెండు పూటలు చదువుతాడు. నలుగురిలో అట్లా చదివితే నామోషీ అని నన్ను పిలుస్తాడు. మర్నాడు పొద్దున కొట్టం దగ్గర నేను పేడ ఎత్తుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"చెంగమ్మను అడిగినాడని చదివినావే, ఆ మాట యాడుందో నాకు కనపడలా."

నా చేతిలో తట్ట జారిపోయింది. కొడతాడనుకున్నాను. నాయన తాపీగా ఎర్రావు వీపు నిమిరాడు.

"ఉండనీలే. బాగానే ఉండాది. పొద్దున లేచి ఎవురూ చెప్పకుండానే నాలుగు కడవలు ఎక్కువ మోసింది. వచ్చే జాబులో గూడా అనుకో. మనిషి ఉషారుగా ఉంటే పని సాగతాది."

నేను తల ఊపాను. జాలితో నేను అన్న మాటను నాయన అంత తేలికగా ఎద్దు ముందర వేసే చిట్టు చేసేశాడు. ఆ రోజు అది నాకు అర్థం కాలేదు. దెబ్బలు తప్పాయని సంతోషపడ్డాను. అది కూడా రాసుకోవాలి.

తర్వాత నెలకొక జాబు. జూన్‌లో కామకుర అనే ఊళ్ళో పెద్ద బుద్ధుణ్ణి చూశాడు. ఆరుబయట ఎండకూ వానకూ కూర్చొని ఉంటాడట. లోపల బోలుగా ఉంటాడట, వీపు దగ్గర కిటికీలున్నాయట, లోపలికి పోయి దేవుడి కడుపులో నిలబడి వచ్చాడట. హజరత్తయ్య మామ, "దేవుడి కడుపులో ఏముందంట?" అన్నాడు. "ఏమీ లేదని రాశాడు మామా" అన్నాను. అందరూ నవ్వారు. నేను ఆఖరున, "చెంగమ్మను అడిగానని చెప్పండి, అన్నం వేళకు తినమనండి" అని చదివాను. ఆ రాత్రి వదిన నా పక్కన కూర్చొని నిజంగానే మాతోబాటు తినబోయింది. అమ్మ, "జపానులో మొగుడు చెప్తే ఈడ అత్త లేచి వడ్డించాలా?" అంది. వదిన నవ్వుకుంటూనే లేచిపోయింది. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుర్తుండింది.

ఇంకో జాబులో సత్రంలాంటి చోట దిగిన సంగతి రాశాడు. ఆ ఇంటావిడ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చొని, వచ్చినవాళ్ళ చెప్పుల్ని మళ్ళీ పోయేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెడుతుందట. అమ్మకు ఆ ఒక్క సంగతి బాగా పట్టింది. "విన్నావామ్మే? మోకాళ్ళ మీద! పది కేకలేస్తే గాని నువ్వు చెంబు తేవు" అని నెల రోజులు అంది. జపానులో ఇంకా చాలా ఉన్నాయి. అమ్మ అందులోంచి చెప్పుల్ని మాత్రమే తెచ్చుకుంది.

ఆగస్టు జాబు అన్నిటికంటే పెద్దది. ముత్యాల ఆడవాళ్ళది. తోబా అనే సముద్రపు ఒడ్డున తెల్లబట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి దూకి, అడుగునుంచి చిప్పలు ఏరుకొస్తారట. మగవాళ్ళు దూకరట. చూడడానికి జనం పడవల్లో పోతారట, అన్న కూడా పోయాడట. పైకి తేలగానే ఒక్కొక్కతె ఈల వేసినట్టు ఊపిరి వదులుతుందట. నీళ్ళ మీద అన్నివైపుల నుంచీ ఆ ఈలలేనట. "విచిత్రమైన శబ్దం, ఏడుపులా కూడా ఉంటుంది" అని రాశాడు.

ఆ రోజు వదిన కడివెడు నీళ్ళతో బావి దగ్గర ఆగి, "మళ్ళీ చెప్పు, ఎంతసేపు మునిగుంటారంట?" అంది.

"రెండు నిమిషాలు వదినా."

"రెండు నిమిషాలంటే?"

నూట ఇరవై అంకెలు లెక్కపెట్టి చూపించాను. ఆమె ఊపిరి బిగబట్టి చూసి, డెబ్బై దగ్గర వదిలేసి, నవ్వి, "నేను పనికి రాను" అంది. మా ఊరికి సముద్రం ఏడు మైళ్ళు. మాఘ పున్నానికి బండ్లు కట్టుకొని అందరం పోతాం. ఈ ఐదేళ్ళలో ఆమె ఒక్కసారీ రాలేదు. గొడ్లను చూసుకోవాలి గదా. అందుకని ఆ జాబులో నేను, "చెంగమ్మను అడిగానని చెప్పండి. నేను వచ్చినాక సముద్రం చూపిస్తానని చెప్పండి" అని చదివాను. నాకు అప్పటికి అట్లా చదవడం అలవాటైపోయింది. అన్న ఎవరో, నేను ఎవరో, ఏ మాట ఎవరిదో గిరి గీయడం మానేశాను. ఆమెకు ఇష్టమని చదివాననుకుంటాను గాని, నాకూ ఇష్టంగానే ఉండేది. అరుగు మీద నలుగురు మగవాళ్ళు నోరు తెరుచుకొని నా మాటను అన్న మాటగా వింటుంటే లోపల ఎక్కడో పొంగేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆమె వాకిట్లో ముగ్గు వేస్తూ, "నా పేరు ఎట్టుంటదో గీయి" అంది. ముగ్గుపిండితో గీశాను. ఆమె చాలాసేపు చూసింది. "తల మీద కొక్కెం, పక్కన సున్న. ఇది చెవికమ్మ మాదిరుండాది. ఆఖర్ది బిడ్డను చంకలో కాదు, కాళ్ళ కింద కూర్చోబెట్టుకున్నట్టుండాది" అని చెప్పుకుంది. రోజూ ముగ్గు మూలన ఒకసారి గీసి, అమ్మ లేచేలోగా చేత్తో చెరిపేసేది. అంతకు మించి నేర్పమని ఆమె అడగలేదు. నేనూ నేర్పలేదు. నేర్పితే ఏమవుతుందో నాకు లోపల్లోపల తెలుసు.

ఆరో జాబు దసరా వెళ్ళాక వచ్చింది. అప్పుడే చైనావాళ్ళతో యుద్ధం మొదలయింది. అరుగు మీద, జపాను చైనాకు ఎంత దూరం అని ఒకటే వాదన. నాయన గదమాయించి నన్ను చదవమన్నాడు. నారా అనే ఊరిలో జింకలు ఊరి మధ్యలో తిరుగుతాయట. బిస్కత్తు చూపిస్తే తల వంచి మనిషి మాదిరే దండం పెడతాయట. ఇవ్వకపోతే చొక్కా పట్టుకొని లాగుతాయట. హజరత్తయ్య మామ జింకలా తల వంచి చూపించాడు. అందరూ విరగబడి నవ్వుతున్నారు. చదివేటప్పుడు నా కళ్ళు నోటికంటే రెండు వరసలు ముందు పోతాయి. నోరు జింకల దగ్గరే ఉంది. కళ్ళు కిందికి పోయాయి. అక్కడ వదిన పేరు ఉంది.

మొదటిసారిగా, నిజంగా, అన్న చేతిరాతతో.

ఆ ముక్క అంతా ఒక్క చూపులో చదివాను. నవ్వులు ఆగే లోపలే చదివాను. నాయన "ఊఁ, తర్వాత?" అన్నాడు. లోపల చాట ఆగి ఉంది. నేను దగ్గి, కాగితం మీద ఆమె పేరు ఉన్న చోటనే కళ్ళు పెట్టి, "చెంగమ్మను అడిగానని చెప్పండి. నాట్లకు వంగి వంగి నడుము నొప్పి తెచ్చుకోవద్దని చెప్పండి. ఇట్లు మీ కుమారుడు" అని చదివాను.

నాయన ఆ జాబును రెండు పూటలు కాదు, మూడు పూటలు చదివాడు. మిగతా జాబులన్నీ గోడకు వేలాడే ఇనుప కడ్డీకి గుచ్చి ఉంటాయి. ఇది గుచ్చలేదు. మర్నాడు కొట్టం దగ్గర, "నువ్వు చూసినావు గదా?" అన్నాడు. తల ఊపాను. "నోరు మూసుకో. ముందు నాట్లు కానీ."

నాట్లయ్యాయి. ఆ సంవత్సరం జపాను పద్ధతి. అంతకు ముందు మా చేలో ఆడవాళ్ళు ఎవరి చేతికి వచ్చినట్టు వాళ్ళు, పాడుకుంటూ నాటేవాళ్ళు. ఇప్పుడు జానకొక ముడి వేసిన తాడు. ఇద్దరు చెరొక గట్టున పట్టుకుంటారు. ముడి దగ్గర ఒక మొక్క. తాడు కదిలితే అందరూ ఒక్కసారి లేవాలి, ఒక్కసారి వంగాలి. పాటలు పోయాయి, పాడితే లెక్క తప్పుతుంది. నాయన గట్టు మీద అన్న రాసిన పద్ధతి కాగితం పట్టుకొని నిలబడేవాడు. వరసకు మొదట వదిన. ఆమె చెయ్యి ఎంత చురుకంటే మిగతా వాళ్ళు ఆమెను తిట్టుకునేవాళ్ళు. ఇరవై రెండు రోజులు మోకాటి లోతు బురదలో వెనక్కి వెనక్కి నడిచింది. లేచినప్పుడల్లా "ఉస్స్" అని సన్నగా ఊపిరి వదిలేది. ఒకసారి గట్టు మీద సద్దికూడు తెచ్చిన నన్ను చూసి, "ఈల వేస్తుండానా? ముత్యాలాడోళ్ళ మాదిరి?" అంది. అరిచేతులు పాచిపోయి తెల్లగా ఉన్నాయి. "మీ అన్న నడుము చూసుకోమన్నాడు గాని, ఆయన రాసిన నాటు నేను సరిగ్గా ఎయ్యకపోతే ఎట్టా?" అంది. నేను సద్ది మూట దించి వచ్చేశాను.

నాట్ల తర్వాత నాయన "కలుపు కానీ" అన్నాడు. కలుపు తర్వాత "కోతలు కానీ" అన్నాడు. అమ్మకు కూడా తెలుసు. అమ్మ ఆ నెలల్లో వదినను తిట్టడం తగ్గించింది. ఒకరోజు పెరుగు మీద మీగడ కూడా వేసింది. మా ఇంట్లో దయ వచ్చిందంటే దాని వెనక ఏదో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. జనవరిలో మంచు జాబు వచ్చింది. ఊరంతా దూది పరిచినట్టు ఉందట, అడుగు వేస్తే కీచుమంటుందట. నేను "చెంగమ్మను అడిగానని చెప్పండి" అన్నాను. నా గొంతు బాగానే ఉంది. దానికే నాకు భయం వేసింది.

మాసూళ్ళు అయ్యి వడ్లు ఇంటికి చేరాక, నాయన వదిన వాళ్ళ అన్నకు కబురు పంపాడు. ఉగాది వెళ్ళిన మర్నాడు బండి తెమ్మని. వదినతో అమ్మే చెప్పింది.

"పుట్టింటికి పోయి పది రోజులుండి రామ్మే. కష్టపడినావు."

వదిన కళ్ళ నీళ్ళు పెట్టుకొని అమ్మ కాళ్ళకు దండం పెట్టింది. అమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఉగాదికి ముందు రోజు ఇల్లు దులపడం. నాయన కొత్త పంచాంగానికి నాయుడుపేట పోయాడు. అమ్మ పొరుగింట్లో వేపపువ్వుకని పోయి కూర్చుంది. నేను దొడ్లో గుంజకు ఆనుకొని మినప్పప్పు చాటలో ఏరుతున్నాను. వదిన తలకు గుడ్డ చుట్టుకొని, మొహమంతా బూజుతో, చేతులు రెండూ వెనక పెట్టుకొని వచ్చింది. పండగ రోజు చిన్నపిల్లలు వచ్చినట్టు వచ్చింది.

"పెంచలా, నేనొక దొంగతనం చేసినా."

"ఏంది వదినా?"

"కడ్డీకి గుచ్చిన జాబులుండాయి గదా. మామ లేని పొద్దుల్లో దించి చూసేదాన్ని. నా పేరు యాడన్నా కనపడతదా అని. ఒక్క దాంట్లోనూ లేదు. అడిగినానని చెప్పండి అంటే పేరు రాయాల గదా అనుకుంటి. మళ్ళీ నేనే అనుకుంటి, మొగుడు పెళ్ళాం పేరు రాయడేమో, ఇంటిది అని రాస్తాడేమో, ఈ పిల్ల దాన్ని చెంగమ్మ అని చదవతాదేమో అని. నాకేం తెలుసు?" ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఇప్పుడు మామ పాత పంచాంగం దులపతా ఉంటే ఇది పడింది. ఇందులో ఉండాది. ఒక తావున కాదు. మూడు తావులా! చూడు, కొక్కెం, సున్న, కాళ్ళ కింద బిడ్డ. మూడు తావులా నా పేరే. ఇంత రాసింది నాకు తెలీకుండా మామ ఎందుకు దాచినాడో! పెద్దోళ్ళు, సిగ్గుపడినాడేమోలే. చదువు. మెల్లిగా చదువు."

నీలం కాగితం నా ఒళ్ళో పెట్టింది. నా చేతుల నిండా పప్పు దుమ్ము. చేతులు కడుక్కోవాలని లేచాను. నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. "నా జాబే గదా, మరకైతే కానీ."

నేను ఏదైనా చదివి ఉండవచ్చు. అలవాటే గదా. జింకలు, బిస్కత్తులు, ఆ తర్వాత చెంగమ్మ, చెంగమ్మ, చెంగమ్మ అని మూడు తియ్యటి మాటలు. నోటి చివర దాకా వచ్చాయి. కాని ఆమె చూపుడు వేలు ఆ మూడు చోట్లలో మొదటి చోట ఆని ఉంది. గోరు కింద ఇంకా చేని బురద నల్లగా ఉంది. ఆ వేలు చూస్తూ అబద్ధం చదవడం నాకు చేతకాలేదు. ఇంతకాలం ఆమె తలుపు వెనక ఉండబట్టే చేతనైంది.

ఉన్నది ఉన్నట్టు చదివాను.

"చెంగమ్మ విషయం. నేను బాగా ఆలోచించాను. అక్షరం ముక్క రాని మనిషితో ఇకమీదట కాపురం చేయడం నా వల్ల కాదు. ఇక్కడ పల్లెల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు కూడా సాయంత్రం ఇంటికి వచ్చి పేపరు చదువుతారు. వాళ్ళను చూసినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది. నేను తిరిగి వచ్చేలోగా చెంగమ్మను పుట్టింటికి పంపించివేయవలెను. చెంగమ్మ ఇంట్లో ఉంటే నేను ఊరికి రాను. హైదరాబాదులోనే ఉద్యోగం చూసుకుంటాను. ఇట్లు మీ కుమారుడు."

ఆమె వేలు మొదటి చోటనుంచి రెండో చోటికి, రెండో చోటనుంచి మూడో చోటికి నేను చదివే కొద్దీ జరిగింది. సరిగ్గా జరిగింది. తర్వాత ఆగిపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

నేను పప్పులో రాళ్ళు వెతుక్కున్నాను.

"నాట్లకు ముందరా, తర్వాతా?"

"ముందర."

ఆమె తన రెండు అరిచేతులూ విప్పి చూసుకుంది. అప్పుడు ఊపిరి వదిలింది. సన్నగా, ఈల మాదిరి. అన్న రాసింది నిజమే. అది ఏడుపులా కూడా ఉంటుంది.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే."

"మామకు?"

"ఆ రోజే."

"అత్తకు?"

"మర్నాడు."

"అంటే మీగడేసిన రోజుకు అందరికీ తెలుసు." చాటలో పప్పును ఒకసారి అరిచేత్తో నిమిరింది. "నువ్వు చదివినవాటిలో, నన్ను గురించి, ఆయన మాట ఒక్కటన్నా ఉండాదా?"

"లేదు వదినా."

"అన్నం వేళకు తినమనింది?"

"లేదు."

"సముద్రం?"

తల అడ్డంగా ఊపాను.

"జింకలు?"

"జింకలు నిజమే."

"ముత్యాలాడోళ్ళు?"

"నిజమే. ప్రమాణంగా నిజమే వదినా."

"అయితే నిజాలన్నీ అరుగు మీదోళ్ళకు చదివినావు. తలుపెనక దానికి అబద్ధాలు పెట్టినావు." గొంతు పెంచలేదు. నాకు తల దువ్వేటప్పుడు మాట్లాడే గొంతే అది. "మీ అన్న నన్ను మోసం చెయ్యలా పెంచలా. లేని మాట ఒక్కటీ రాయలేదు ఆ మనిషి. మొదటి జాబునాడే నువ్వు ఉన్నదున్నట్టు చదివుంటే, ఆ రోజే తెలుసుకునేదాన్ని, నేను ఎర్రావు తర్వాత గూడా లేనని."

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. అమ్మ మాదిరే ఆమె కూడా కాళ్ళు వెనక్కి తీసుకుంది. జాబు తీసుకొని, మడతల మీదే మడిచి, బొడ్లో దోపుకొని, మళ్ళీ చీపురు పట్టుకుంది. మిగిలిన రెండు గదులూ దులిపింది. ఆ సాయంత్రం అందరికీ అన్నం వడ్డించింది. ఉగాది నాడు పచ్చడి చేసింది. నాయన తిని, "చేదు ఎక్కువైంది" అన్నాడు.

బండి వచ్చిన రోజు పొద్దున నాయన తలుపు తీసి, గడప దాటకుండా ఆగిపోయాడు. వాకిలి నిండా తెల్లటి ముగ్గు. చుక్కలు లేవు, తామరలు లేవు. మూడక్షరాలు. గడప దగ్గరనుంచి బండి దాకా, అడుగు పెట్టడానికి తావు లేకుండా, ఒక్కొక్కటి మంచమంత. నాయన వేలు పెట్టకుండానే చదివాడు.

"ఎవురు నేర్పినారు దీనికి?" అన్నాడు.

వదిన చిన్న మూటతో వచ్చి, ఆ అక్షరాల మీదినుంచే నడిచి పోయి, బండెక్కింది. నావైపు చూడలేదు. బండి మలుపు తిరిగేలోగా అమ్మ రెండు బిందెల పేడనీళ్ళు తెచ్చి వాకిలంతా కుమ్మరించింది. "పొద్దున్నే ఆడదాని పేరు తొక్కుకుంటా పోవాల్నా?" అంది. చీపురు నాకిచ్చింది. నేనే చిమ్మాను. ముగ్గుపిండి తడిసి గట్టిపడింది. సున్న ఒక్కటి ఎంత చిమ్మినా రెండు రోజులు కనిపించింది.

ఇప్పుడు నీళ్ళు తోడేదీ, ముందుగా లేచేదీ, ఆఖరున తినేదీ నేను. నిన్నటి నుంచి అమ్మ నన్ను కూడా "ఏమ్మే" అంటోంది.

ఈ రోజు పొద్దున జాబులు తెచ్చే మౌలా సాయిబు సైకిలు గంట వినిపించింది. నేను బావి దగ్గర ఉన్నాను. "పెంచలా, చేతులు కడుక్కోని రా. జపాను జాబొచ్చింది" అని కేక. కడుక్కున్నాను. తుడుచుకున్నాను. వాసన చూసుకున్నాను. అరుగు నిండి ఉంది. హజరత్తయ్య మామ, "ఏం చూసినాడో ఈ తూరి మన దొర!" అన్నాడు. నాయన బ్లేడుతో మడతలు కోసి, జాబు నా చేతిలో పెట్టాడు. నా కళ్ళు ఎప్పటి మాదిరే నోటికంటే ముందు పరిగెత్తాయి. మొదటి వరసలో, ఊరంతా ఒక్కసారే పూసే చెట్లట, ఆకు ఒక్కటి లేకుండా పూలేనట, జనం చాపలు వేసుకొని వాటి కింద కూర్చుంటారట. రెండో వరస మీదికి పోబోయిన చూపును వెనక్కి లాక్కున్నాను. ఆ చెట్ల కిందికి పోవాలని నాకు ఎంత ఉందో ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. లోపల తలుపు వెనక చాట లేదు, ఆగే చప్పుడు లేదు.

"ఊఁ, చదువు" అన్నాడు నాయన.

జాబును మడతల మీదే మడిచి ఆయన ఒళ్ళో పెట్టాను. గొంతు పూడుకుపోలేదు. అరుగు మీద అందరికీ వినిపించింది.

"నాకు చదవడం రాదు నాయనా."

ఎవరో నవ్వారు. నాయన నవ్వలేదు. కళ్ళజోడు తడుముకొని పెట్టుకొని, మొదటి అక్షరం మీద వేలు ఆనించాడు. నేను గిన్నెల దగ్గరికి వచ్చేశాను. ఆ పూలు ఏ రంగో నాకు తెలియదు.